రంగు రావడం వేరు... నిలవడం వేరు!

ఆ ఫొటో నా ఫోన్‌లో ఇంకా ఉంది. చాలాసార్లు డిలీట్ చేద్దామనుకుని ఆగిపోయా. అందులో ఓ తెల్లటి దిండు గలేబు, దాని మీద లేత గులాబీ మరక, పక్కనే మట్టిరంగులోకి తిరిగిపోయిన చిన్న ఉన్ని టోపీ. ఫొటో కింద ఒకే ఒక్క లైను: 'నేచురల్ కలర్ అన్నారు కదండీ?'

పంపింది కాకినాడలో ఉండే ఓ అక్క. తన మూడు నెలల బాబు కోసం నా దగ్గర టోపీ కొన్నారు. ఆ టోపీ అల్లింది నేనే. రంగు వేసిందీ నేనే. 'వంద శాతం నేచురల్ డై' అని ఇన్‌స్టా పేజీలో హార్ట్ ఎమోజీ పెట్టి మరీ రాసిందీ నేనే!

ఒక్క ఉతుకుకే రంగు పోయింది. దాంతోపాటు నా మాట కూడా పోయింది.

బీట్‌రూట్ మాయ

మాది విజయవాడ. లాక్‌డౌన్‌లో బోర్ కొట్టి క్రోషే నేర్చుకున్నా. టోపీలు, బూటీలు అల్లి ఫొటోలు పెడితే ఫ్రెండ్స్ కొన్నారు, తర్వాత వాళ్ల ఫ్రెండ్స్ కొన్నారు. అలా చిన్న పేజీ మొదలైంది. ఓ రోజు స్క్రోల్ చేస్తుంటే రీల్ ఒకటి కనిపించింది. తెల్ల ఉన్ని దారం, బీట్‌రూట్ రసం, గుప్పెడు ఉప్పు, రెండు చెంచాల వెనిగర్. ముప్పై సెకన్లలో దారం గులాబీ రంగైపోయింది. ఇంత ఈజీనా అనుకున్నా.

బికనీర్ ఉన్ని దారం ఆన్‌లైన్‌లో తెప్పించా. బీట్‌రూట్ ఉడికించా. వీడియోలో చెప్పినట్టే ఉప్పు, వెనిగర్ వేశా. రంగు నిజంగానే వచ్చింది. ఆరు టోపీలు అల్లితే రెండు రోజుల్లో ఆరూ అమ్ముడైపోయాయి. ఒక్కోటి 450 రూపాయలు.

కాకినాడ అక్క మెసేజ్ వచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మిగిలిన ఐదుగురికీ నేనే మెసేజ్ పెట్టి, టోపీ ఎలా ఉందని అడిగా. ఇద్దరు ఇంకా ఉతకలేదన్నారు. ఒకరు 'కొంచెం వెలిసింది, పర్లేదులే' అన్నారు. మిగతా ఇద్దరూ సమాధానమే ఇవ్వలేదు. ఆరుగురికీ డబ్బు వెనక్కి వేసేశా. 2,700 రూపాయలు. పేజీ మొదలుపెట్టాక నేను వెనకేసిన దాంట్లో సగం పైనే.

"పోనీలే, రెడీమేడ్ రంగు దారం కొనుక్కుని అల్లుకో" అంది అమ్మ. తన మాటలో తప్పేం లేదు. కానీ మనసు ఒప్పుకోలేదు. మన అమ్మమ్మల కాలంలో రంగులన్నీ చెట్ల నుంచేగా వచ్చేవి? అవి ఇలా ఒక్క ఉతుకులో పోయేవా?

అది అసలు ఉన్నే కాదు!

రెండో ప్రయత్నం ఇంకా ఘోరం. ఈసారి ఖర్చు తగ్గిద్దామని లోకల్‌గా ఓ షాపులో 'ప్యూర్ వూల్' అంటే నమ్మి అరకిలో కొన్నా. పసుపు నీళ్లలో గంట ఉడికించి తీస్తే మొహం కడుక్కున్నంత తేలిగ్గా రంగంతా నీళ్లలో పోయింది. దారం మళ్లీ తెల్లగా నవ్వుతోంది.

అప్పుడు తెలిసింది అగ్గిపుల్ల పరీక్ష. అంగుళం దారం ముక్కని పట్టకారుతో పట్టుకుని అంటించి చూడండి. నిజమైన ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. నలిపితే బూడిదగా రాలిపోతుంది. యాక్రిలిక్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. నాది పూస అయింది!

మన దగ్గర 'ఉలన్' అని అమ్మే దారాల్లో చాలావరకు యాక్రిలిక్కే. అది ప్లాస్టిక్ బంధువు. స్వెటర్‌కి పనికొస్తుంది కానీ మొక్కల రంగుని దగ్గరికి రానివ్వదు. గొర్రె ఉన్ని అలా కాదు. మన జుట్టులాగే అది కూడా కెరాటిన్ అనే ప్రొటీన్. రంగుని పీల్చుకోవడంలో నూలు కంటే చాలా ముందుంటుంది.

మరి బీట్‌రూట్ టోపీలు నిజమైన ఉన్నివే కదా, వాటికేమైంది? ఆ ప్రశ్న పట్టుకుని రైలెక్కి పెడన వెళ్లా.

పెడనలో చూసిన మ్యాజిక్

మచిలీపట్నం దగ్గర పెడన అంటే కలంకారీ అద్దకానికి పేరు. మా ఫ్రెండ్ వాళ్ల మావయ్యగారు అక్కడే అద్దకం షెడ్డులో నలభై ఏళ్లుగా పనిచేస్తున్నారు. నా కథంతా విని పెద్దగా నవ్వారు.

"బీట్‌రూట్ కూర వండుకోవాల్సిందమ్మాయ్, రంగెందుకు వేశావు?" అన్నారు. "రంగు రావటం వేరు, నిలవటం వేరు. రావటానికి ఏదైనా వస్తుంది. నీ చీర మీద ఒలికిన కాఫీ కూడా రంగే. నిలిచేదాన్ని అద్దకం అంటారు."

తర్వాత నాకో పని చూపించారు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన నూలు గుడ్డ ఒకటి తీశారు. మీగడ రంగులో ఉంది. దాని మీద రెండు అచ్చులు వేశారు. ఒకటి తుప్పుపట్టిన ఇనుముని బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన రసంతో. అది గుడ్డకి తగలగానే నల్లబడింది. రెండోది పటిక కలిపిన జిగురుతో. అక్కడ చెప్పుకోదగ్గ రంగే కనిపించలేదు.

"ఇప్పుడు చూడు" అని, అప్పటికే ఉతికి ఆరబెట్టి సిద్ధంగా ఉంచిన ఇంకో అలాంటి గుడ్డని ఎర్రరంగు కాగుతున్న డేగిసాలో వేశారు. కాసేపటికి కర్రతో పైకి ఎత్తితే నా కళ్లు నేనే నమ్మలేకపోయా. రంగునీళ్లలో గుడ్డంతా మునిగింది. కానీ ఎరుపు పట్టుకున్నది పటిక అచ్చు పడ్డ చోటే!

"రంగు డేగిసాలో ఉందనుకుంటారు అందరూ. పటికలో ఉందమ్మా అసలు కీలకం."

"మరి ఉన్నికి ఎంత పటిక వెయ్యాలి మావయ్యగారూ?" అని అడిగా.

"ఉన్ని సంగతి నాకు తెలీదు. మాది నూలు పని. సూత్రం అదే. లెక్క నువ్వే కట్టుకోవాలి" అన్నారు. అంతటితో ఆగకుండా, "మేం కూడా ఎరుపుకి వేరు మానేసి అలిజరిన్ పొడే కొంటున్నాంలే. ఉన్నది ఉన్నట్టు చెప్పాలిగా" అన్నారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

పెళ్లిళ్ల పేరయ్య పటిక

ఇంటికొచ్చి చదివితే విషయం అర్థమైంది. పటిక లాంటి పదార్థాన్ని ఇంగ్లీషులో మోర్డెంట్ అంటారు. ఫ్రెంచి భాషలో 'కొరకడం' అనే మాట నుంచి వచ్చిందట. అది దారాన్ని కొరికి పట్టుకుంటుందని పాతకాలం వాళ్లు అనుకునేవారు. నిజానికి అది పెళ్లిళ్ల పేరయ్య. పటికలో ఉండే అల్యూమినియం ఒకవైపు ఉన్నితో, ఇంకోవైపు రంగుతో బంధం కలుపుతుంది. ముగ్గురూ కలిసి ఓ కుటుంబం అయిపోతారు. ఇక నీళ్లు పోసినా తేలిగ్గా విడిపోరు.

బీట్‌రూట్‌లో ఉండే రంగు పదార్థం వేరే జాతి. వేడికీ, వెలుతురుకీ ముక్కలైపోతుంది. పేరయ్య వచ్చినా ఆ సంబంధం నిలవదు. పసుపు సంగతి ఇంకోలా ఉంటుంది. నిజమైన ఉన్నికి ఇట్టే పట్టేస్తుంది, చూడ్డానికి బంగారంలా ఉంటుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. ఇక ఆ రీల్‌లో చెప్పిన ఉప్పు, వెనిగర్ మోర్డెంట్లే కావు. అవి పటిక చేసే పని చేయలేవు.

ఇంకో తేడా కూడా ఉంది. నూలుకి పటిక సరిగ్గా పట్టాలంటే ముందు కరక్కాయ లాంటి వగరు దినుసు కావాలి. ఉన్నికి అంత తతంగం అక్కర్లేదు. పటికని అది నేరుగా పట్టుకుంటుంది.

కొబ్బరి పీచైన ఉన్ని

సూత్రం తెలిస్తే సరిపోదు కదా. చేతికి పని రావాలి. వన్‌టౌన్‌లో ఆయుర్వేద దినుసులమ్మే కొట్టుకెళ్లి పటిక, మంజిష్ఠ, అన్నభేది కొన్నా. "ఏం జబ్బమ్మా?" అని జాలిగా అడిగాడు కొట్టాయన.

మొదటిసారి పటిక నీళ్లలో ఉన్ని ఉడికించి, వేడి వేడిగా తీసి కుళాయి కింద పెట్టేశా. పైగా బట్టలు పిండినట్టు గట్టిగా పిండా. దారం కాస్తా కొబ్బరి పీచు ముద్ద అయింది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. తడిగా ఉన్నప్పుడు వేడి ఒక్కసారిగా మారినా, రాపిడి తగిలినా ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోతాయి. అలా చిక్కుకున్నాక మళ్లీ విడదీయడం ఎవరి వల్లా కాదు.

రెండోసారి అన్నభేదితో ఆడా. అది ఇనుప లవణం. ఏ రంగులో వేసినా దాన్ని ముదురు చేస్తుంది. 50 గ్రాముల ఉన్నికి నిండు చెంచా వేసేశా. నలుపు అద్భుతంగా వచ్చింది. ఆరాక లాగితే దారం పుటుక్కున తెగింది. ఇనుము ఎక్కువైతే ఉన్ని బలం పోతుంది. నాకు కావాల్సింది అర గ్రాము, ఒక గ్రాము. నేను వేసింది దానికి ఎన్నో రెట్లు!

అమ్మ గొడవ సరేసరి. "అన్నం వండే గిన్నే దొరికిందా నీకు?" అని రోజూ ఒకటే పాట. అమ్మదే కరెక్ట్. రంగుకి వాడిన గిన్నె, గరిటె, వడపోత మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పాత స్టీలు గిన్నె ఒకటి విడిగా పెట్టుకున్నాకే ఇంట్లో శాంతి వచ్చింది.

పునుగుల బండి నుంచి ముడిసరుకు

అప్పట్నుంచి పెద్ద లెక్కలు మానేశా. 10 గ్రాముల చిన్న చిన్న చిలపలు చుట్టుకుని, ఒక్కోదానికి ఒక్కో రంగు వేస్తూ నోట్‌బుక్‌లో రాసుకున్నా. ముడిసరుకు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేకపోయింది. మా వీధి చివర పునుగుల బండి బాబాయ్ రోజూ కిలోల కొద్దీ ఉల్లిపాయలు తరుగుతాడు. పొట్టు కావాలంటే వింతగా చూశాడు. వారానికో సంచి నింపి ఇస్తున్నాడు ఇప్పుడు.

ఉల్లి పొట్టుతో పటిక పెట్టిన ఉన్ని నారింజ కలిసిన బంగారు రంగుకి వచ్చింది. అదే దారాన్ని చిటికెడు అన్నభేది నీళ్లలో పది నిమిషాలు ముంచితే చెరువు గట్టు పాచి రంగు. దసరాకి గుమ్మానికి కట్టిన బంతిపూలు ఎండబెట్టి వేస్తే నిండు పసుపు. దానిమ్మ తొక్కలు, కాస్త ఇనుముతో కలిస్తే వానమబ్బు రంగు. మంజిష్ఠ వేరుతో ఇటుక ఎరుపు. ఆ ఎరుపు కూడా ఫిల్టర్ నీళ్లలో కంటే బోరు నీళ్లలో బాగా వచ్చింది. గీజర్‌ని పాడుచేసే సున్నపు నీరు మంజిష్ఠకి మాత్రం చుట్టం! అయితే సలసలా మరిగిస్తే ఎరుపు గోధుమ రంగులోకి తిరుగుతుంది.

నల్ల ఉన్నికి మాత్రం ఈ పనులేవీ అక్కర్లేదు. తెలంగాణలో కురుమలు నేసే గొంగడి చూశారా? దక్కనీ గొర్రె ఒంటి మీదున్న నలుపే ఆ గొంగడి రంగు. అద్దకం లేదు, వెలవడం గురించి బెంగా లేదు. రంగులు కావాలంటే మాత్రం తెల్ల ఉన్నే ఉండాలి.

ఒకప్పుడు మన తీరం రంగుల గని

చదువుతుంటే ఒళ్లు పులకరించే సంగతులు ఎన్నో తెలిశాయి. కోస్తా ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు ఒకప్పుడు ఎర్ర అద్దకానికి ప్రాణం. నిజాంపట్నం ప్రాంతంలో దొరికే చిరివేరు గురించి 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు వర్తకులు రాసుకున్నారు. కడప జిల్లా నీలిమందుకి పేరు. ఏలూరులో ఉన్ని తివాచీలు నేసేవారు.

1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియా మందు తయారుచేయబోయి, అనుకోకుండా ఊదా రంగు కనిపెట్టాడు. 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు ఎర్రరంగుకి మూలమైన అలిజరిన్‌ని ల్యాబ్‌లో తయారుచేశారు. 1897కి కృత్రిమ నీలిమందు మార్కెట్లోకి వచ్చింది. అంటే నలభై ఏళ్లలో కథ మారిపోయింది. తక్కువ ధర, తక్కువ టైమ్, ఎప్పుడూ ఒకేలా వచ్చే రంగు. పెడన మావయ్యగారు పొడి కొంటున్నారంటే కారణం బద్ధకం కాదు, బతుకు లెక్క.

మీరూ ట్రై చేస్తారా?

100 గ్రాముల తెల్ల ఉన్నికి నేను పాటించే పద్ధతి ఇదీ. వంటింటి డిజిటల్ కాటా, ఓ థర్మామీటర్ ఉంటే చాలు.

1. కడగడం: కుంకుడుకాయ నురగ కలిపిన గోరువెచ్చని నీళ్లలో దారాన్ని అరగంట ఉంచండి. రుద్దొద్దు. అదే వేడి ఉన్న నీళ్లతో జాడించండి.

2. పటిక పెట్టడం: 12 గ్రాముల పటికని వేడినీళ్లలో కరిగించి, 4 లీటర్ల నీళ్లలో కలపండి. బేకరీ సామాన్లమ్మే చోట దొరికే క్రీమ్ ఆఫ్ టార్టార్ 5 గ్రాములు వేస్తే ఉన్ని మెత్తగా ఉంటుంది, రంగూ తేటగా వస్తుంది. తడి దారం వేసి సన్నని మంట మీద నెమ్మదిగా 80-85 డిగ్రీల దాకా తీసుకెళ్లండి. అక్కడ గంటసేపు ఉంచి, మంట ఆపి, తెల్లారేదాకా ఆ నీళ్లలోనే చల్లారనివ్వండి.

3. రంగు తీయడం: 100 గ్రాముల ఉల్లి పొట్టుని గంటసేపు ఉడికించి వడగట్టండి. చల్లారనివ్వండి.

4. అద్దడం: పటిక పెట్టిన దారాన్ని జాడించి, ఆ రసంలో వేసి మళ్లీ నెమ్మదిగా వేడి చేయండి. గంట చాలు. కలపడం అంటే గరిటెతో తిప్పడం కాదు, పసిపిల్లని పక్క మార్చినట్టు నెమ్మదిగా అటూ ఇటూ జరపడం.

5. ఆరబెట్టడం: పూర్తిగా చల్లారాకే తీసి జాడించి, నీడలో ఆరేయండి.

6. పరీక్ష: దారాన్ని అట్టముక్కకి చుట్టి, సగం నల్ల కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీలో మూడు వారాలు పెట్టండి. కప్పిన సగానికీ, కప్పని సగానికీ తేడా చూడండి.

జాగ్రత్తలు కూడా వినండి. గ్లౌజులు తప్పనిసరి. పొడులు కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి, కిటికీలు తెరవండి. అన్నభేదిని పిల్లలకి అందనంత ఎత్తులో దాచండి. మైలుతుత్తం, క్రోమ్ లాంటివి పాత పద్ధతుల్లో కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు, అవి విషాలు. రంగు మొక్కదైనంత మాత్రాన పక్కన కలిపేవన్నీ అమాయకమైనవి కావు.

ఇప్పుడు లేబుల్ మీద ఏం రాస్తానంటే...

నా కిటికీ పరీక్షలో మూడు వారాలకి బీట్‌రూట్ ఆనవాలే లేదు. పసుపు సగానికి సగం వెలిసిపోయింది. ఉల్లి కాస్త మందగించింది. మంజిష్ఠ మాత్రం దాదాపు అలాగే ఉంది. ఆ అట్టముక్కని ఫొటో తీసి పేజీలో పెట్టా. నేను పెట్టిన వాటిల్లో అందం లేని ఫొటో అదే. ఎక్కువ మంది సేవ్ చేసుకున్నదీ అదే!

'వంద శాతం' అనే మాట తీసేశా. ఇప్పుడు ప్రతి టోపీకి ఓ చిన్న అట్ట కడుతున్నా. 'మంజిష్ఠ వేరు, పటిక. చల్లని నీళ్లలో చేత్తో ఉతకండి. నీడలో ఆరేయండి. ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం వెలుస్తుంది' అని రాస్తా. పిల్లల టోపీలకి ఇనుము వాడట్లేదు. నెలకి పది టోపీలు మించి చేయలేకపోతున్నా. ధర పెంచక తప్పలేదు. అది చూసి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లని తప్పుపట్టను.

మొదటి మంచి టోపీ ఎవరికి పంపానో చెప్పక్కర్లేదుగా. కాకినాడ అక్కకి, డబ్బు తీసుకోకుండా. 'తొందరేం లేదు అక్కా, నాలుగైదు సార్లు ఉతికాక చెప్పండి' అని చీటీ పెట్టా. వారం గడిచింది, నెల గడిచింది. మెసేజ్ రాలేదు. ఇంకోసారి అడగడానికి మొహం చెల్లలేదు.

నాలుగు నెలలకి ఫొటో వచ్చింది. ఫోన్ తెరవడానికి చేయి వణికింది. ఫొటోలో బాబు బోసినవ్వు నవ్వుతున్నాడు. ఇటుక ఎరుపు టోపీ నడినెత్తి మీద గిన్నెలా కూర్చుంది. కింద ఒకే ఒక్క లైను:

'రంగు అలాగే ఉంది చెల్లీ... మావాడి తలకే పట్టట్లేదు. ఇంకో సైజు చేస్తావా?'